రెండు బకెట్లతో కారు కడగొచ్చా?

మే నెల రెండో ఆదివారం. సెలవులకి ఇంటికెళ్ళాను. మాది నిజాంపేట వైపు ఒక అపార్ట్‌మెంట్. ముప్ఫై ఫ్లాట్లు, సెల్లార్‌లో 24 కార్లు. పొద్దున ఎనిమిదింటికి గేటు దగ్గర నీళ్ళ ట్యాంకర్ హారన్ కొడుతోంది. అప్పటికే మా బోరు రోజుకి గంటసేపు కూడా పోయట్లేదు. ట్యాంకర్ పైపు సంపులోకి దింపుతుంటే, బిల్డింగ్ వెనక ఇంకో పైపు నడుస్తోంది. మా పై ఫ్లాట్ అంకుల్ కారు కడుగుతున్నారు. అదే సంపు, అవే నీళ్ళు. ముందు నుంచి నింపుతున్నాం, వెనక నుంచి వదిలేస్తున్నాం.

పెద్దాయన, ఏమీ అనలేం. నాకు కోపం తీర్చుకోవడానికి మిగిలింది లెక్క ఒక్కటే. ఆయన లోపలికి వెళ్ళాక అదే పైపు కింద 20 లీటర్ల బకెట్ పెట్టి ఫోన్‌లో టైమర్ ఆన్ చేశాను. 80 సెకన్లకి నిండింది. అంటే నిమిషానికి 15 లీటర్లు. ఆయన పైపు తెరిచి ఉంచింది 14 నిమిషాలు. మొత్తం 210 లీటర్లు. అందులో పైపు కారు మీద ఉన్నది మహా అయితే ఐదు నిమిషాలు. మిగతా టైమంతా ఆయన గుడ్డతో రుద్దుతుంటే పైపు పక్కన నేల మీద పడుకుని తన పని తాను చేసుకుపోయింది.

పట్టణాల్లో నీటి సరఫరా డిజైన్ చేసేటప్పుడు మనిషికి రోజుకి 135 లీటర్లు అని తీసుకుంటారు. మన సివిల్ వాళ్ళని అడగండి, నిద్రలో లేపినా చెబుతారు. ఈ లెక్కన ఒక కారు ఒక స్నానానికి ఒక మనిషి ఒకటిన్నర రోజు నీళ్ళు తాగేసింది. మా 24 కార్లూ అలాగే ఒక్కసారి కడిగితే 5,040 లీటర్లు. గేటు దగ్గర హారన్ కొడుతున్న ట్యాంకర్‌లో పట్టేది 5,000.

ఇక్కడిదాకా చదివి "సరే, నీళ్ళు వృథా చేయొద్దు అంటాడు, అంతేగా" అనుకుంటున్నారు కదా. కాదు. అసలు సంగతి ఆ తర్వాత వారం మొదలైంది.

మా అపార్ట్‌మెంట్‌లో అందరూ పైపు పట్టరు. 18 కార్లు తుడిచేది ఒకే ఒక్క అన్న. తెల్లవారుజామున నాలుగున్నరకి వస్తాడు, ఏడింటికల్లా వెళ్ళిపోతాడు. కారుకి నెలకి ₹500. రోజూ తుడవాలి, ఆదివారం కూడా సెలవు లేదు. రెండున్నర గంటల్లో 18 కార్లంటే కారుకి ఎనిమిది నిమిషాలు. ఆయన దగ్గరుండేది ఒక బకెట్, ఒక పాత బనియన్ గుడ్డ. బకెట్ నీళ్ళు మధ్యలో ఒకసారి మారుస్తాడు. అంటే 18 కార్లకి రెండు బకెట్లు. నీళ్ళ ఆదా కోసం ఎవరికైనా అవార్డ్ ఇవ్వాలంటే ముందు ఆయనకే ఇవ్వాలి.

కానీ ఆ పద్ధతిలోనూ ఒక చిక్కుంది. మొదటి కారు మీది దుమ్ము రెండో కారుకి, రెండోదానిది మూడోదానికి. పదో కారు దగ్గరికి వచ్చేసరికి ఆ గుడ్డ గుడ్డ కాదు, మన వర్క్‌షాప్‌లో ఫిట్టింగ్ ల్యాబ్‌లో వాడే ఎమరీ పేపర్ చెల్లెలు. మన రోడ్ల దుమ్ములో సిమెంటు ఉంటుంది, ఇసుక ఉంటుంది. ఆ రేణువులు పెయింట్ కన్నా గట్టివి. గుడ్డ కింద పెట్టి రుద్దితే గీస్తాయి. అందులో మేజిక్ ఏమీ లేదు.

మూడో అంతస్తులో ఉండే మా మామయ్య నల్ల కారు కొన్నాడు. సెల్లార్‌లో ట్యూబ్‌లైట్ కింద అద్దంలా ఉండేది. ఎండలోకి తీస్తే బానెట్ మీద సాలెగూడు. వీటినే స్విర్ల్ మార్క్స్ అంటారు. ఒక చిన్న విషయం చెప్తాను, నాకు భలే నచ్చింది. ఆ గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు. అన్ని దిక్కులకీ అడ్డదిడ్డంగా ఉంటాయి. సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సరైన కోణంలో ఉన్న గీతలు మాత్రమే వెలుగుని మన కంటికి పంపుతాయి, అందుకే వలయాల్లా కనిపిస్తాయి. మీరు పక్కకి జరిగితే సాలెగూడు కూడా మీతో జరుగుతుంది.

మామయ్య ఇంటికే వచ్చి పని చేసే డీటెయిలింగ్ వ్యాన్‌ని పిలిచాడు. పెయింట్ కరెక్షన్, ₹14,000. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు, మన వయసే. నేను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వాళ్ళ వెనకే తిరిగాను. లైట్ పట్టుకోమంటే పట్టుకున్నాను, టేప్ అతికించమంటే అతికించాను. నాలుగేళ్ళ బీటెక్‌లో ఏ ఒక్క రోజూ అంత నేర్చుకోలేదు.

ముందు పెయింట్ మందం కొలిచారు. కారు మీద పెయింట్ అంటే ఒక్క పొర కాదు. లోహం మీద ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికన్నా పైన రంగులేని క్లియర్ కోట్. అన్నీ కలిపినా మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం సుమారు 70 అనుకుంటే, మెరుపంతా వెంట్రుక కన్నా పల్చని పొర మీద ఆధారపడి ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగుని కాపాడేదీ ఆ పొరే. వాళ్ళ దగ్గరున్న గేజ్ మొత్తం మందమే చెబుతుంది, క్లియర్ కోట్ ఎంత మిగిలిందో విడిగా చెప్పదు. అందుకే ఒక్కో ప్యానెల్ మీద పది చోట్ల కొలిచి, ఎక్కడ తక్కువుందో చాక్‌పీస్‌తో అద్దం మీద రాసుకున్నారు.

ఆ తర్వాత కాంపౌండ్, డ్యూయల్ యాక్షన్ పాలిషర్. చాలామంది అనుకున్నట్టు పాలిష్ చేస్తే గీత "పూడిపోదు". గీత అడుగు ఎక్కడుందో అక్కడిదాకా చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ని అరగదీస్తారు. గోతుల రోడ్డుని గోతుల లోతు దాకా చెక్కేసి చదును చేసినట్టు. ఒక్కోసారికి పోయేది కొన్ని మైక్రాన్లే. కానీ పోయింది మళ్ళీ రాదు. ఎండిన బోరుకైనా నాలుగు వానలు పడితే కాస్త ఊట వస్తుంది. క్లియర్ కోట్‌కి ఆ ఆశ కూడా లేదు. రెండేళ్ళకోసారి గీతలు పెట్టించుకుని రెండేళ్ళకోసారి అరగదీయించుకుంటూ పోతే ఏదో ఒక రోజు రంగు బయటపడుతుంది, పొర పొరలుగా లేస్తుంది. అప్పుడు ప్యానెల్‌కి ప్యానెల్ మళ్ళీ పెయింట్ చేయడమే.

పోనీ పైపు పట్టిన అంకుల్ కారు బాగుందా అంటే, అదీ లేదు. మా బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. కుళాయి చుట్టూ తెల్లగా గట్టిపడే పొలుసు మీ ఇళ్ళలోనూ చూసే ఉంటారు. ఎండలో కడిగి వదిలేస్తే ఆవిరయ్యేది నీళ్ళు మాత్రమే, లవణాలు కారు మీదే ఉండిపోతాయి. చుక్కలు చుక్కలుగా మచ్చలు పడి కొన్నాళ్ళకి క్లియర్ కోట్‌ని తినేస్తాయి. అవి పోవాలన్నా చివరికి అదే పాలిషర్. పైపుతో వెళ్ళినా అక్కడికే, మురికి గుడ్డతో వెళ్ళినా అక్కడికే.

ఇప్పుడు ఆ వ్యాన్ కుర్రాళ్ళు పాలిష్‌కి ముందు కారుని ఎలా కడిగారో చెప్పాలి. నేను పైపు చూపించాను. వద్దన్నారు. ఒక బకెట్‌లో 8 లీటర్ల నీళ్ళు పోసుకుని, మూతతో కొలిచి 30 మిల్లీలీటర్ల ద్రవం కలిపారు. దీన్ని రిన్స్‌లెస్ వాష్ అంటారు, అంటే కడిగాక మళ్ళీ నీళ్ళు పోయక్కర్లేనిది. మామూలు షాంపూ కాదు, పెద్దగా నురగ రాదు. అందులో ఉండే పాలిమర్లు, తడిపే పదార్థాలు దుమ్ము రేణువుకీ పెయింట్‌కీ మధ్య జారుడు పొరలా పనిచేస్తాయి. ఆరు మైక్రోఫైబర్ గుడ్డలు అందులో నానబెట్టారు. ముందు అదే ద్రవాన్ని ప్యానెల్ మీద స్ప్రే చేసి నిమిషం ఆగారు. తర్వాత గుడ్డని రెండు మడతలు వేసి, నొక్కకుండా, ఒకే దిక్కుగా ఒక్కసారి లాగారు. ఆ ముఖం మురికైంది, తిప్పారు. అలా ఒక గుడ్డకి ఎనిమిది ముఖాలు. అన్నీ అయిపోతే ఆ గుడ్డ పక్కన పడేశారు. వాడిన గుడ్డ మళ్ళీ బకెట్‌లోకి వెళ్ళదు. రహస్యమంతా ఆ ఒక్క రూల్‌లోనే ఉంది. పై నుంచి కిందికి, చక్రాలు చివర్లో, వాటికి వేరే గుడ్డ. అరగంటలో అయిపోయింది. బకెట్ అడుగున ఇంకా నీళ్ళు మిగిలాయి.

ఆ రోజు నాకు తట్టింది ఇది. పొద్దున వచ్చే అన్నకీ, ₹14,000 తీసుకున్న ఈ కుర్రాళ్ళ కడుగుడికీ తేడా యంత్రం కాదు. ఇద్దరూ వాడేది బకెట్టే. తేడా అల్లా ఆరు గుడ్డలు, 30 మిల్లీలీటర్ల ద్రవం, ఇరవై రెండు నిమిషాల టైమ్. ఆ తేడా మనం ఆయనకి ఇవ్వం. ఇవ్వకుండా గీతలు పడ్డాక "ఈ కారు తుడిచేవాడు ఉన్నాడే..." అని తిట్టుకుంటూ వ్యాన్‌ని పిలుస్తాం.

మర్నాడు నాలుగున్నరకి అలారం పెట్టుకుని లేచి సెల్లార్‌కి వెళ్ళాను. అన్నకి మొత్తం చెప్పాను, ఒక గుడ్డతో చేసి చూపించాను. ఓపిగ్గా విన్నాడు. ఆఖర్న అడిగాడు: "మంచిగనే ఉంది తమ్మీ. గని గీ గుడ్డలెవరు కొంటరు? ఒక్కో బండికి అద్దగంట వెడితే పద్దెనిమిది బండ్లు ఎప్పటికైతయ్? రోజు తుడవకుంటే పైసలిస్తరా?"

మూడు ప్రశ్నలు. ఏ ల్యాబ్ వైవాలోనూ అంత సూటిగా ఎవరూ అడగలేదు.

రెండో ప్రశ్నకి జవాబు లెక్కలోనే ఉంది. అసలు రోజూ తుడవక్కర్లేదు. కారు మీద ఊరికే కూర్చున్న దుమ్ము గీతలు పెట్టదు, దాన్ని పొడిగా రుద్దితేనే పెడుతుంది. వారానికి ఒక్కసారి సరిగ్గా కడిగితే చాలు. రోజుకి మూడు కార్లు, కారుకి అరగంట. ఆరు రోజుల్లో 18 కార్లు. రోజుకి రెండున్నర గంటల పని గంటన్నరకి వస్తుంది. ఆదివారం సెలవు కూడా.

మొదటి ప్రశ్నకీ మూడో ప్రశ్నకీ జవాబు ఆయన దగ్గర లేదు, నా దగ్గరా లేదు. కారు ఓనర్ల దగ్గరుంది. "వారానికి ఒక్కసారి కడిగితే ₹500 ఎందుకివ్వాలి?" అని అడిగేది వాళ్ళే. మనం పనికి డబ్బులివ్వట్లేదు, రోజూ పొద్దున కనపడినందుకు ఇస్తున్నాం. అందుకే ఆయన కనపడుతున్నాడు, ఎనిమిది నిమిషాలు.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. నీళ్ళ ఆదా గురించి మనం చెప్పే నీతులన్నీ బకెట్ పట్టుకున్న మనిషికే చెబుతున్నాం. చెప్పాల్సింది తాళంచెవి పట్టుకున్న మనిషికి. 2024 మార్చిలో బెంగళూరులో నీటి ఎద్దడి వచ్చినప్పుడు అక్కడి జలమండలి తాగునీళ్ళతో వాహనాలు కడగడాన్ని నిషేధించి ₹5,000 జరిమానా పెట్టింది. కష్టకాలంలో అలాంటి నిషేధం అవసరమే, కాదనను. కానీ నిషేధం పైపు కట్టేస్తుంది గానీ గుడ్డ మార్చదు. పైపు ఆగితే అందరూ మళ్ళీ ఆ ఒక్క పాత బనియన్ గుడ్డకే వస్తారు. ఎండాకాలం అయిపోగానే గీతలు చూసుకుని మళ్ళీ పైపు పడతారు. మంచి గుడ్డ, సరిపడా టైమ్, సరైన డబ్బులు ఇస్తే తప్ప ఇది తెగదు.

"ఫ్యాక్టరీలు, పగిలిన పైపులైన్లు వదిలేసి కార్ల మీద పడ్డావేంటి?" అని మా రూమ్మేట్ అన్నాడు. నిజమే, ఊరు మొత్తం లెక్కలో కారు కడిగే నీళ్ళు చిన్న వాటానే అయ్యుండొచ్చు. కానీ మా సంపు లెక్కలో అది ఒక ట్యాంకర్. పైగా హైదరాబాద్ నీళ్ళు పక్క వీధిలో పుట్టట్లేదు. నాగార్జునసాగర్ నుంచి కృష్ణా నీళ్ళు, ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్ళు వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో, పంపులతో ఎత్తిపోస్తూ తెస్తున్నారు. అన్ని పంపులు దాటొచ్చిన నీళ్ళని టైర్ల మీద పోయడం ఇంజినీర్‌గా నాకు బాధ.

ఆ నీళ్ళు ఎటు వెళ్తాయన్నది ఇంకో సంగతి. మన బాత్రూమ్ నీళ్ళు డ్రైనేజీలోకి వెళ్తాయి, అది ఎస్టీపీకి కలిపి ఉంటే శుద్ధి అయ్యే అవకాశం ఉంది. ర్యాంపు మీంచి రోడ్డెక్కిన నీళ్ళు వాననీటి కాలువలోకి దిగుతాయి. అక్కడి నుంచి నాలా, చెరువు, చివరికి మూసీ. మధ్యలో ఎవరూ శుద్ధి చేయరు. బట్టల సబ్బుపొడి, టైర్ల మసి, బ్రేకుల పొడి అన్నీ అలాగే పోతాయి. బట్టల పొడి కారుకీ మంచిది కాదు, మీద ఉన్న వాక్స్‌ని ఊడ్చేస్తుంది. బకెట్‌లో మిగిలిన మురికి నీళ్ళైతే నడిచి వెళ్ళి బాత్రూమ్ తూములో పోయొచ్చు. 210 లీటర్లు అలా మోసుకెళ్ళలేం కదా.

ఈ పద్ధతి అన్నిటికీ పనికొస్తుందని చెప్పను. బురద పట్టిన కారుని గుడ్డతో ముట్టుకోకూడదు. ముందు నీళ్ళతో బురద వదలాల్సిందే. అప్పుడు కూడా మామూలు పైపు కన్నా చిన్న ప్రెషర్ వాషర్ నయం. నిమిషానికి 6 నుంచి 8 లీటర్లే తీసుకుంటుంది, ట్రిగ్గర్ వదిలితే ఆగిపోతుంది. ఆ ట్రిగ్గర్ మామూలు పైపుకి ఉన్నా అంకుల్ నీళ్ళు సగానికి పైగా మిగిలేవి. మైక్రోఫైబర్ గుడ్డ కూడా ప్లాస్టిక్ దారమే, ఉతికినప్పుడల్లా కొంత నీళ్ళలోకి పోతుంది. మచ్చలేని పద్ధతి ఏదీ లేదు. ఏది తక్కువ పాడు చేస్తుందో చూసుకోవడమే.

సెలవుల్లో ఐదు వారాలు నాలుగు కార్లతో ట్రై చేశాం. మాది, మామయ్యది, ఎదురింటి అక్క వాళ్ళది, ఎలాగో ఒప్పించి పై ఫ్లాట్ అంకుల్‌ది. ఇంటికి ఆరు గుడ్డలు, ద్రవంలో వాటా కలిపి ₹700 లోపే పడింది. అన్నకి నెలకి ₹500 బదులు ₹650. నాలుగు కార్లకి 32 లీటర్లు, 24 గుడ్డలు ఉతకడానికి ఇంకో 20. కారుకి సగటున 13 లీటర్లు. పైపుతో పోలిస్తే పదహారో వంతు. గుడ్డలకి ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడకూడదని అన్నే మాకు గుర్తు చేసేవాడు.

మూడో వారం అంకుల్ తప్పుకున్నారు. "నీళ్ళు పొయ్యకపోతే కడిగినట్టే లేదు బాబూ" అన్నారు. జూన్‌లో అక్క వాళ్ళు ఊరెళ్ళి ఎర్రమట్టితో తిరిగొచ్చారు, ఆ రోజు రెండు బకెట్లు మగ్గుతో పోశాకే గుడ్డ పట్టాం. మిగతా మూడు కార్లూ నేను హాస్టల్‌కి వచ్చేశాక కూడా అలాగే నడుస్తున్నాయి. మొన్న ఫోన్ చేస్తే అన్న చెప్పాడు, ఇంకో రెండిళ్ళ వాళ్ళు అడిగారట. "గుడ్డలు మీరే కొనియ్యుండ్రి అన్న, సరే అన్నరు" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతులో ఒక మేస్త్రీ వినిపించాడు.

ఇక మన సంగతి. మనలో కార్లున్నవాళ్ళు తక్కువ, బైకులకి లోటు లేదు. ఆదివారం పొద్దున హాస్టల్ వెనక కుళాయి దగ్గర వరసగా బైకులు, పది గంటలకి పై అంతస్తులో "నీళ్ళు రావట్లేదురా" అని కేకలు. ఆ రెంటికీ సంబంధం లేదని ఎవరైనా అంటే బకెట్, టైమర్ నేను తెస్తాను, కొలుద్దాం. బైక్ ట్యాంక్ మీద కూడా అదే క్లియర్ కోట్, అవే గీతలు. ఒక్కో బైక్‌కి మూడు లీటర్లు, మూడు గుడ్డలు చాలు. చైన్ దగ్గర జిడ్డుకి మాత్రం వేరే పాత గుడ్డ తెచ్చుకోండి.

వచ్చే ఆదివారం ఏడింటికి హాస్టల్ వెనకే ఉంటాను. ద్రవం నాది, గుడ్డలు మీవి. పైపు మాత్రం ముట్టుకోవద్దు.